తుఫానుకు పేరు పెట్టేలోపు

ఫోనులో వాయిద్యం మళ్ళీ మొదటికొచ్చింది. పాట అనడానికి లేదు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడెవరో ఒకచోట తడబడి, ఆగి, మళ్ళీ మొదట్నుంచీ అందుకున్నట్టు అదే ముక్క, అదే ఆగడం, మళ్ళీ అదే ముక్క. ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్, పైవాళ్ళని అడిగి చెప్తాను అని బీమా ఏజెంటమ్మాయి వెళ్ళింది. ఆ ఒక్క నిమిషంలో ఎన్ని నిమిషాలున్నాయో ఆ అమ్మాయికే తెలియాలి. ఇవతల ఆమె ఫోనుని స్పీకరులో పెట్టి పనిబల్ల మీద మైనం డబ్బాకి ఆనించి, ఎదురుగా ఉన్న దవడ అచ్చు వైపు చూస్తూ కూర్చుంది. ఎవరో పెద్దాయన దవడ. పై వరస పళ్ళు మైనంలో నిలబెట్టడం అయిపోయింది, కింది వరస సగంలో ఉంది. పళ్ళసెట్లు కట్టడం ఆమె వృత్తి. ఊళ్ళో డాక్టర్లు నోళ్ళ అచ్చులు తీసి పంపిస్తే, ఇంటి వెనక గదిలో కూర్చుని వాటికి పళ్ళు పేరుస్తుంది. పళ్ళ డాక్టరమ్మా అని మొగుడు ఎగతాళి చేస్తాడు. ఈ పెద్దాయన ఎవరో, ఎలా ఉంటాడో తెలియదు గానీ ఎలా నములుతాడో తెలుసు, ఎడమవైపే ఎక్కువ నములుతాడు. ఈ గది రేపటికి ఉంటుందో ఊడుతుందో తెలియకపోయినా, ఆయన మాత్రం సెట్టు ఎప్పుడిస్తారని నిన్న కూడా కబురు పెట్టించాడు. ఆకలికి వాతావరణంతో పనేముంది.

ముందు గదిలో టీవీ నోరు నొక్కేసి ఉంది. తలుపు సందులోంచి తెర సగం కనిపిస్తోంది. నీలం రంగు సముద్రం మీద తెల్లటి సుడి, ఉన్నచోటనే తిరుగుతున్నట్టు, ఎటూ కదలనట్టు. దాని పక్కన నిలబడిన అమ్మాయి చేత్తో తీరం పొడుగునా ఒక గీత గీస్తోంది, ఆ గీత కింద వీళ్ళ వీధి కూడా ఉంది. మొన్నటిదాకా అల్పపీడనం అన్నారు. నిన్న వాయుగుండం అన్నారు. ఇవాళ పొద్దున తీవ్ర వాయుగుండం. ఇంకొక్క మెట్టు ఎక్కితే తుఫాను, తుఫాను అయితే దానికో పేరు పెడతారు. పేరు పెట్టేలోపు అయితేనే మేడమ్, అని ఏజెంటమ్మాయి నిన్ననే చెప్పింది. పేరు పెట్టాక తీరం మీద ఏ కంపెనీ కూడా కొత్త పాలసీ రాయదు, మా చేతుల్లో ఉండదు, కంప్యూటరే తీసుకోదు, అది వచ్చి వెళ్ళిపోయాకే మళ్ళీ తెరుస్తారు. ఎంత చక్కటి ఏర్పాటు. జబ్బు లేనివాడికే మందిస్తాం అన్నట్టు. అయినా వాళ్ళని అని ఏం లాభం, కొంపకి నిప్పంటుకున్నాక బావి తవ్వబోయింది తనే కదా. కాదు, తను కాదు. తవ్వడం రెండు నెలల కిందే మొదలుపెట్టింది. పాత కంపెనీవాళ్ళు, ఇన్నేళ్ళు ఏటేటా ప్రీమియం కట్టించుకున్నవాళ్ళు, ఇక మీ తీరంలో ఇళ్ళకు బీమా ఇవ్వదలుచుకోలేదు, ఫలానా తేదీతో సరి అని రాసిన రోజునుంచీ తవ్వుతూనే ఉంది. ఏరు దాటి తెప్ప తగలేసే జాతి. ఆ ఫలానా తేదీ ఈ రోజే. ఈ రాత్రి పన్నెండు దాటితే ఈ ఇంటికి గాలి నుంచి దిక్కు లేదు.

పైన రేకుల మీద అడుగుల చప్పుడు. మొగుడు పైకప్పు మీద ఉన్నాడు. రేకుల అంచులకు ఇనప పట్టీలు వేసి మేకులు బిగిస్తున్నాడు, పొద్దుట్నుంచీ అదే పని. వద్దంటే వినడు. ఆయన లిఫ్టు మెకానిక్, జనాన్ని పైకీ కిందికీ పంపించడమే పని, తను మాత్రం ఉన్నచోటు నుంచి కదలడు. తన చేత్తో బిగించిన నట్టుని తప్ప దేన్నీ నమ్మడు. అత్తగారు బతికుండగా అనేది, వీడు పుట్టినప్పుడు కూడా రానని మొండికేశాడమ్మా, పట్టుకారుతో లాగారు అని. ఆ మొండితనం చూసే తను ఇష్టపడింది, ఇప్పుడు అదే తల మీదికొచ్చింది. నిన్న సాయంత్రం పాపని చెల్లెలి ఊరికి బస్సెక్కించి వచ్చాక, మనం కూడా రేపు పొద్దెక్కకముందే వెళ్ళిపోదామండీ అని ఆమె అంటే, ఆయన చెప్పుల మట్టి దులుపుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"ఇంటికి బీమా ఉంటే నీతో వస్తా. లేకపోతే ఇంటికి నేనే బీమా."

అంతే. అరిచి అంటే పోట్లాడవచ్చు, పోట్లాడి గెలవవచ్చు కూడా. ఆయన మామూలుగా అన్నాడు, రేపు డ్యూటీ ఉంది అన్నట్టు. ఆమెకి భయం అప్పుడే పట్టుకుంది. ఇల్లు పోతుందని కాదు. ఇల్లు పోతే పోనీ, అద్దెకుంటారు, పళ్ళు పేర్చుకోవడానికి బల్ల చాలు, దీపం చాలు. ఆయన ఉంటానంటున్నాడు. మళ్ళీ ఉంటానంటున్నాడు. పోయినసారి ఉన్నాడుగా, ఉండి ఏం బావుకున్నాడు.

పోయినసారి తుఫానుకి పాప రెండో తరగతి. బడిలోకే తీసుకెళ్ళారు అందర్నీ. పాప రోజూ కూర్చునే బల్ల మీదే తను కూర్చుంది, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న బల్ల, ఎదురుగా నల్లబల్ల మీద ఎవరో పంతులు సగం చెరిపిన ఎక్కం. బయట గాలి ఎలా ఉందంటే, దాన్ని చప్పుడు అనడానికి లేదు, చప్పుడైతే ఒక పక్కనుంచి వస్తుంది. నేను తలుపు కాచుకుంటా, తలుపు నిలబడితే ఇల్లు నిలబడుతుంది, నువ్వు పిల్లని తీసుకుని వెళ్ళు అని బయల్దేరేముందే అన్నాడు ఆయన. వెళ్ళింది. ఎందుకు వెళ్ళింది? పిల్ల ఉంది కాబట్టి. అంతేనా? ఆయన మాట మీద ఎదురాడే అలవాటు అప్పటికి లేకపోవడం వల్ల కూడా. గాలి తగ్గింది, నీళ్ళు తగ్గలేదు, వీధిలోకి ఎవర్నీ పోనివ్వలేదు. రెండు రోజులు తనకి మొగుడున్నాడో లేడో తెలియదు. పక్కన కూర్చున్నావిడ మీవారేరమ్మా అని అడిగితే ఏ క్రియ వాడాలో తెలియలేదు, ఇంట్లో ఉన్నారు అంది, ఉన్నారు అన్న మాట నోట్లోంచి వస్తుంటే దాన్ని వెనక్కి లాక్కోవాలనిపించింది, దిష్టి తగులుతుందేమోనని. ఏడవలేదు. కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చచ్చిపోయి ఉంటే మాత్రం వదలను అని మనసులో తిట్టుకున్న మనిషి గురించి నలుగురికీ ఏమని చెప్తుంది.

మూడో రోజు పడవవాళ్ళు తీసుకొచ్చారు. అటక మీద దొరికాడట. నిద్ర పడితే కింద నీళ్ళలో పడతానని, కుడిచేతిని తాడుతో దూలానికి కట్టేసుకున్నాడు. మణికట్టు చుట్టూ చర్మం లేచిపోయి, నీళ్ళకి నాని, ఉడకబెట్టినట్టు తెల్లగా ఉంది. తనని చూసి ఆయన అన్న మొదటి మాట, తలుపు నిలబడింది. వెనక గోడ మొత్తం పోయింది, వంటిల్లు కాలవలోకి వెళ్ళిపోయింది, ఇంట్లో మోకాటి లోతు బురద. తలుపు మాత్రం నిలబడిందట. ఆమెకి నవ్వూ, ఏడుపూ, చెంప పగలగొట్టాలన్న కోరికా ఒక్కసారే వచ్చి, మూడూ ఒకదానికొకటి అడ్డం పడి, ఏదీ బయటికి రాలేదు. టీ తాగుతారా అని అడిగింది. ఆ రోజు నుంచీ ఆయన కుడిచేత్తో మంచం కోడు పట్టుకునే పడుకుంటాడు. పట్టుకున్నట్టు ఆయనకి తెలియదు. ఆమె చెప్పలేదు.

వాయిద్యం ఆగింది. ఆమె గబుక్కున ఫోను మీదికి వంగింది. లేదు, అది ఆగే చోటే. మళ్ళీ మొదలైంది.

అసలు పోయినసారి వచ్చిన బీమా మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతని మీద కాదు, తన మీదా అత్తగారి మీదా. నష్టం చూసి లెక్క కట్టడానికి కంపెనీ తరఫున సర్వేయరు వస్తాడని కబురొచ్చింది. ఎవరో పెద్ద ఉద్యోగి, పరాయి మనిషి, మొదటిసారి మనింటికొస్తున్నాడు, ఇల్లు ఇలా పెట్టుకుంటే ఏమనుకుంటాడు అంది అత్తగారు. అంతే, అత్తా కోడళ్ళు కొంగులు బిగించారు. రెండు రోజులు బురద ఎత్తిపోశారు, గోడలు కడిగారు, నీళ్ళు నిలిచిన గీత కనబడకుండా సున్నం కొట్టారు. నానిన పరుపులు, ఉబ్బిపోయిన బీరువా, వాసనొస్తున్న బట్టలు అన్నీ వీధి చివర పడేయించారు. కూర్చోబెట్టడానికి కుర్చీలు లేవని పక్కింటివాళ్ళవి తెచ్చారు, వాళ్ళిల్లు మేడ మీద కాబట్టి మిగిలాయి. సర్వేయరు వచ్చాడు. పక్కింటి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, ఇల్లు బాగానే ఉందే అన్నాడు. అత్తగారి మొహం చూడాలి అప్పుడు. మెచ్చుకుంటున్నాడని పొంగిపోయింది. కుర్చీలు కూడా మీ సామానేనా అంటే, అవునండీ అంది.

అక్కడితో అయినా బాగుండేది. వెనక గోడ ముందు గాలికి పడిందా, ముందు నీళ్ళు వచ్చాయా అని అడిగాడు సర్వేయరు. ఏదో మాటవరసకి అడిగినట్టే అడిగాడు. ఇంటాయన ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. చూసింది నేనే కదండీ, ఇంకెవరూ లేరుగా, నీళ్ళే ముందొచ్చాయి, నడుము దాకా వచ్చాక గోడ ఒరిగింది, ఇదిగో ఇక్కణ్ణించి ఇలా, అని చేతులతో సహా చూపించాడు. మొత్తం వీధిలో తుఫానుని కళ్ళారా చూసిన ఒకే ఒక్క మగాడినన్న గర్వం. సర్వేయరు రాసుకున్నాడు. గాలికే బీమా, నీళ్ళకు లేదన్న సంగతి కంపెనీ ఉత్తరం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన ఉండిపోయి ఇల్లు కాపాడలేదు సరికదా, ఇంటికి వ్యతిరేకంగా సాక్ష్యం కూడా చెప్పాడు. ఈ మాట ఆమె ఒక్కసారీ ఆయనతో అనలేదు. అనకుండా మింగిన మాటలన్నీ పోగేస్తే ఇంకో అంతస్తు లేచేది.

ఆ ఉత్తరం తరువాతే ఆమె పాలసీలు చదవడం మొదలుపెట్టింది. ఎవరూ చదవరు వాటిని. నోరు చూసినట్టే చూడాలి, ముందు వరస నవ్వుతూ తళతళలాడుతుంది, పుచ్చంతా వెనక దంతాల్లో, అద్దం పెట్టి దీపం వేస్తే గానీ కనబడదు. నీళ్ళకు వేరే పాలసీ ఉంటుందని అలాగే కనిపెట్టింది. దాన్ని ఎండాకాలంలోనే తీసుకుంది, ఎందుకంటే అది కట్టిన నెలకి గానీ పనిలోకి రాదు. ఇక మిగిలింది గాలి. గాలికి ఈ తీరంలో ఇప్పుడు ఇద్దరే ఇస్తున్నారు. ఒకటి చవక పాలసీ. చవక అంటే అడిగినవాళ్ళకల్లా ఇస్తారు, కప్పు చూడరు, గోడ చూడరు, ఫోనులో నాలుగు మీటలు నొక్కితే వచ్చి పడుతుంది. వీధిలో సగం మంది అదే తీసుకున్నారు. ఆమె వెనక దంతాల దాకా వెళ్ళి చూసింది. నష్టంలో మొదటి వాటా ఇంటివాళ్ళే భరించాలి, అది పది శాతం. పదే కదా అనుకున్నారు వీధిలో అందరూ. నష్టంలో పది శాతం కాదు, ఇంటి మొత్తం విలువలో పది శాతం. అంటే రేకులన్నీ లేచిపోయినా, కిటికీలన్నీ పగిలినా, ఖర్చు ఆ పది శాతం లోపలే ఉంటుంది, కంపెనీ ఒక్క మేకు కూడా ఇవ్వదు. రెండోది ఖరీదు పాలసీ. దాంట్లో ఇంటివాళ్ళ వాటా రెండు శాతమే, పైగా పోయిన రేకుకి పాత ధర కాక కొత్త రేకు ధర కట్టిస్తారు. కానీ కప్పు ఎప్పుడు వేయించారు, ఎలా వేయించారు, మనిషిని పంపి ఫోటోలు తీయించి, పైవాళ్ళు సరే అంటేనే ఇస్తారు. మనిషి పోయినవారం వచ్చి ఫోటోలు తీసుకెళ్ళాడు. ఈసారి ఆమె ఇల్లు తుడవలేదు. తుడవకుండా ఆపుకోవడానికి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

ఆ సరే కోసమే ఈ వాయిద్యం.

చవకది ఇప్పుడే తీసుకోవచ్చు. ఈ ఫోను పెట్టేసి ఆ నంబరు నొక్కితే చాలు, పది నిమిషాల పని. చేతిలో ఉన్నదాన్ని వదిలి లేనిదానికోసం చూడటం తెలివితక్కువని అత్తగారైతే ఈపాటికి రెండుసార్లు అని ఉండేది. మొన్న ఆమె అదే మాట ఆయనతో అంది, పోనీ చవకదే తీసేసుకుందామా, ఏదో ఒకటి ఉంటుందిగా అని. చెప్పకుండా ఉండవలసింది. పది శాతం సంగతి కూడా చెప్పింది, చెప్పకపోతే నోరు ఊరుకోదు, ఇంట్లో ఏదీ దాచే అలవాటు లేదు. ఆయన గోడకి ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు, లిఫ్టు చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పేటప్పుడు అలాగే మూసుకుంటాడు. రేకులు లేస్తే మన నెత్తిన, గోడలు కూడా పోతే వాళ్ళ నెత్తిన, అంతేనా అన్నాడు. అంతేనండీ అంది. అయితే రేకులు కాయడానికి నేనుండాలి అన్నాడు. ఎంత బాగా అర్థం చేసుకున్నాడో. ఆమెకి అర్థం కావడానికి మూడుసార్లు చదవాల్సి వచ్చింది, ఆయనకి ఒక్క వాక్యం చాలింది. మొగుడికి తెలివి లేకపోతే ఎంత హాయిగా ఉండేది అనుకుంది ఆమె, ఆ రోజు, నిజంగానే అనుకుంది.

కాబట్టి చవకది వద్దు. ఇంటికి సరిపోతుందేమో, ఆయనకి సరిపోదు. వీధిలో అందరూ ఏ పాలసీ మంచిదని ఆమెనే వచ్చి అడుగుతారు, పళ్ళు కట్టే ఆవిడకి అన్నీ తెలుసంటారు. ఇల్లు నిలబెట్టే పాలసీ ఏదని వాళ్ళు అడుగుతున్నారు, తను వెతుకుతున్నది మొగుణ్ణి ఇంట్లోంచి కదిలించే పాలసీ. అది ఏ కంపెనీ అమ్ముతుంది. ఏ కాలమ్‌లో రాస్తారు దాన్ని. ఒకవేళ ఈలోపు పేరు పెట్టేస్తే? ఖరీదుదీ పోతుంది, చవకదీ పోతుంది, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. చెయ్యి ఫోను వైపు వెళ్ళింది. వేలు ఎర్ర మీట మీదికి వెళ్ళింది. నొక్కితే, ఇల్లు కొంతైనా దక్కుతుంది, ఆయన రేకుల కింద ఉండిపోతాడు. నొక్కకపోతే. పైన అడుగులు ఒక చోట ఆగాయి. ఏదో బిగిస్తూ ఆయన ఈల వేస్తున్నాడు, ఆ దిక్కుమాలిన ఈల, ఎప్పుడూ ఒకే రాగం, అదీ తప్పు రాగం. ఆ ఈల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ బడిలో రెండు రోజులు విన్నది. వేలు వెనక్కి తీసుకుంది. చేతికి మైనం అంటుకుని ఉంది, చీర అంచుకి తుడుచుకుంది.

గాలి మొదలైనట్టుంది. గాలి అనడానికి లేదు ఇంకా, కిటికీ తెర ఒకసారి లోపలికి వచ్చి, ఎవరో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్ళింది. వీధిలో ఎవరో కారు డిక్కీ మూశారు. పక్కింటావిడ పిల్లల్ని కేకలేస్తోంది, బొమ్మలన్నీ వద్దు, ఒక్కటి, ఒక్కటే అని. ఒక్కొక్క ఇల్లూ నోరు మూసుకుంటోంది. ఆమె కింది వరసలో ఇంకో పన్ను పెట్టబోయి, మానేసింది. ఈ అచ్చుని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకోవాలి. పెద్దాయన ఎక్కడున్నా నమలాలి కదా. ఏం సామాను తీసుకెళ్ళాలి, పాప సర్టిఫికెట్లు నిన్ననే పంపేసింది, మందులు, ఆయన కళ్ళజోడు. చెల్లెలి ఇంట్లో పైగది ఖాళీ చేయించిందట. ఆయనకి అదొక బాధ, తోడల్లుడి ఇంట్లో తలదాచుకోవడం. తోడల్లుడు మంచివాడే, కాకపోతే ప్రతి భోజనం దగ్గరా, అన్నగారూ సముద్రం పక్కన ఇల్లు కట్టొద్దని నేను అప్పుడే చెప్పాను కదా అంటాడు. అప్పుడే చెప్పలేదు. కట్టాక చెప్పాడు. కానీ ఆ మాట వినడానికైనా మనిషి కంచం ముందు కూర్చుని ఉండాలి. కూర్చుని, మొహం గంటుపెట్టుకుని, పెరుగు అటు జరపమని కళ్ళతో తనకి సైగ చేయాలి. ఇంతకంటే ఆమెకి ఏమీ అక్కర్లేదు, దేవుడు ఎదుటికొచ్చి కోరుకోమన్నా ఆ కంచమే కోరుకుంటుంది.

"మేడమ్, ఉన్నారా?"

ఉన్నాను ఉన్నాను అంది ఆమె, రెండుసార్లు. ఏజెంటమ్మాయి గొంతు మారింది. మెల్లగా చెప్పింది, పైవాళ్ళు మీ కప్పుకి సరే అన్నారు మేడమ్, ఫోటోలు చాలా బాగున్నాయన్నారు. ఆమె లేచి నిలబడింది, కుర్చీ వెనక్కి జారింది. అప్పుడు అమ్మాయి కానీ అంది. వివరాలు ఎక్కిస్తుండగా కంప్యూటరు మూసుకుపోయిందట. ఇప్పుడే పేరు పెట్టారట. ఆమె టీవీ వైపు చూసింది. తెల్లటి సుడి పక్కన కొత్తగా ఒక మాట వెలిగింది, పసిపిల్లకి పెట్టుకునేలాంటి పేరు, ముద్దుగా ఉంది. నా చేతుల్లో ఏమీ లేదు మేడమ్, నాలుగు నిమిషాల ముందు వాళ్ళు ఫోనెత్తి ఉంటే అయిపోయేది, అంటోంది అమ్మాయి. ఆ చవక కంపెనీ, అని మొదలుపెట్టింది ఆమె. అందరూ మూసేశారు మేడమ్, ఒకేసారి మూస్తారు. ఆ అమ్మాయిని తిట్టాలనిపించింది, తిట్టడానికి నోరు తెరిచింది కూడా. ఈలోగా ఆ అమ్మాయి గొంతు తగ్గించి, ఆఫీసు గొంతు పక్కన పెట్టేసి, ఇంకో మాట అంది.

"మాది కూడా తీరంలోనే ఇల్లు మేడమ్. మీరు మాత్రం వెళ్ళిపోండి."

ఫోను పెట్టేశాక గదిలో నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉందంటే, ఇంతసేపూ ఆ వాయిద్యమే తనని నిలబెట్టి ఉంచిందా అనిపించింది. ఏడుపు రాలేదు. పైన అడుగులు రేకుల మీద నుంచి నిచ్చెన వైపు వస్తున్నాయి. దిగుతున్నాడు. ఏమైందని అడుగుతాడు. ఏమీ కాలేదని చెప్తే, సరే నువ్వు బయల్దేరు అంటాడు, మామూలుగా, చెప్పుల మట్టి దులుపుకుంటూ. కాళ్ళ మీద పడినా అంతే అంటాడు. పాప మీద ఒట్టు పెట్టినా అంతే. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే కిర్రుమంటున్నాయి. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయనతో ఒక్క అబద్ధం చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదనుకునేది, చెప్పడం రాదు కూడా. అబద్ధమాడినా అతికినట్టుండాలి అనేది అత్తగారు, పక్కింటి కుర్చీల సాక్షిగా. ఆయన గుమ్మంలోకి వచ్చాడు. జుట్టంతా తుప్పు పొడి, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏమన్నారు?"

"వచ్చింది," అంది ఆమె. "ఇప్పుడే అయిపోయింది."

"ఏది, చవకదా?"

"కాదు. రెండోది. మన కప్పు ఫోటోలు చాలా బాగున్నాయన్నారట."

ఆయన కదల్లేదు. కళ్ళు మూసుకున్నాడు. జబ్బు ఎక్కడుందో వింటున్నాడు అనుకుంది ఆమె, దొరికిపోయాననుకుంది. మన వాటా రెండు శాతమేనా అన్నాడు. రెండు శాతమే. రేకులకి కొత్త ధరేనా. కొత్త ధరే, మేకులతో సహా, కూలీతో సహా. ఎప్పటినుంచి. ఈ రాత్రి పన్నెండు నుంచి, పాతది అయిపోయిన క్షణం నుంచి, మధ్యలో ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు. కాగితం? కాగితం తరువాత పంపిస్తారట, ఇప్పుడు అందరూ హడావిడిలో ఉన్నారు. ఎక్కడా తడబడలేదు. రెండు నెలలు చదివిందంతా అక్షరం పొల్లు పోకుండా నోటికి వచ్చింది. నిజమైన పాలసీ తీసుకున్నా ఇంత బాగా చెప్పగలిగేది కాదు. చెప్తున్నకొద్దీ ఆ పాలసీ ఎంత మంచిదో ఆమెకే తెలిసి, అది లేదన్న సంగతి గుండెల్లో కలుక్కుమంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నడుము విరిగేలా పనిచేసినవాడిలా కాదు, ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నదేదో దించినవాడిలా. ఓ గ్లాసుడు నీళ్ళివ్వు అన్నాడు. తాగి, నవ్వాడు. నువ్వు గట్టిదానివే పళ్ళ డాక్టరమ్మా, కంపెనీవాళ్ళ పళ్ళు కూడా లెక్కపెట్టావు అన్నాడు. అయితే తోడల్లుడి ఉపన్యాసం వినక తప్పదన్నమాట అన్నాడు. ఆయనే లేచి సంచులు తీశాడు. ఆయనే కళ్ళజోడు వెతుక్కున్నాడు. ఆమె దవడ అచ్చుని గుడ్డలో చుడుతూ ఆయన్నే చూస్తోంది. ఎప్పుడు చెప్పాలి. దారిలో చెప్తే కారు వెనక్కి తిప్పుతాడు. చెల్లెలి ఇంట్లో చెప్తే తోడల్లుడి ముందు తల దించుకుంటాడు. గాలి పోయాక, వచ్చి ఇల్లు చూసుకునేటప్పుడు, ఏ ఉత్తరమూ రానప్పుడు, ఆయనకే తెలుస్తుంది. అప్పుడిక తన మాట ఏదీ నమ్మడు, కూరలో ఉప్పు సరిపోయిందన్నా నమ్మడు. తిడతాడు. నెలల తరబడి మాట్లాడడు. తిట్టనీ. తిట్టడానికి మనిషి ఉండాలి కదా.

వెనకవైపు కిటికీలు రెండింటికి చెక్కలు ఇంకా కొట్టలేదు. ముందువైపంతా పొద్దున్నే కొట్టేశాడు, వెనకవి కప్పు పని అయ్యాక చూద్దామని వదిలాడు. చెక్కలు కోసి గోడకి ఆనించే ఉన్నాయి, మేకుల డబ్బా పక్కనే ఉంది. అర్ధగంట పని. ఆమె అక్కడ నిలబడిపోయింది. ఒక్క కిటికీ పగిలితే చాలు, గాలి లోపలికి దూరి కప్పుని కింద నుంచి ఎత్తేస్తుంది, ఆ సంగతి ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. ఈ రెండూ కూడా కొట్టేసి వెళ్దామాండీ అంది, మాట తేలిగ్గా ఉండేలా చూసుకుంటూ. ఆయన సంచులు రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాటుతున్నవాడల్లా వెనక్కి తిరిగి కిటికీల వైపు చూశాడు, తరువాత ఆమె వైపు చూశాడు.

"ఇంత పాలసీ తీసుకుని ఇంకా భయమేంటే. పోతే పోనీ, కొత్తవి పెట్టిస్తారుగా."

ఆమె నోట్లో మాట ఉంది. ఇంకోసారి అడిగితే ఎందుకంత పట్టుదల అంటాడు. ఎందుకో కళ్ళు మూసుకుని ఆలోచిస్తాడు. అవునులెండి, కొత్తవి పెట్టిస్తారు అంది ఆమె.

తలుపు తాళం ఆయనే వేశాడు, ఎప్పటిలా మూడుసార్లు లాగి చూడకుండా ఒక్కసారే లాగాడు. కారు వీధి మలుపు తిరిగేటప్పుడు చెట్లన్నీ ఒకే వైపుకి వంగడం మొదలుపెట్టాయి. ఆయన ఈల వేస్తున్నాడు, అదే తప్పు రాగం, వెనక్కి చూడలేదు. ఆమెకి మెడ లాగుతోంది. తిరగలేదు. తిరిగితే, ఏం చూస్తున్నావని అడుగుతాడు.